పేరెత్తే మనిషి

ఇది నోటితో చెప్పడం లేదు, నోటుబుక్కులో రాస్తున్నాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

నా గొంతు పెద్దది. దర్శి పక్కన మా పల్లె చర్చిలో మైకు చెడిపోతే కరెంటు పనివాడికి కాదు, నాకు కబురొచ్చేది. బుధవారం స్త్రీల కూటంలో ఆఖరి ప్రార్థన ఎప్పుడూ నాదే. ఎవరింట్లో జ్వరమున్నా, ఎవరి కోడలికి నెలలు నిండినా, పేరు పేరునా దేవుడికి విన్నవించేదాన్ని. "పేరు చెప్పకపోతే ఎవరి కోసమో దేవుడికెట్లా తెలుస్తుందే?" అని గొణిగేవాళ్ళను కసిరేదాన్ని. పొగరంటారా, పొగరే.

పోయిన ఏడాది మార్చిలో పాస్టరు కరుణాకర్ గారు కొత్త పద్ధతి పెట్టారు. ఎంతసేపూ మన గోడేనా, అప్పుడప్పుడూ పొరుగు దేశాల కోసం కూడా ప్రార్థించాలన్నారు. దేశం పేరు, అందులో ఒక ఊరిదో జిల్లాదో పేరు చీటీ మీద రాసి నాకిచ్చేవారు. అన్నీ నోరు తిరగని పేర్లు. మిరపకాయలు కోస్తూ సాలు పొడవునా వల్లె వేసుకునేదాన్ని.

మొదటి చీటీ బర్మా, మాండలే. బుధవారం ఆ ఊరి పేరు మూడుసార్లు ఎత్తి ప్రార్థించాను. శుక్రవారం అక్కడ భూమి కంపించి వేల మంది పోయారు. టీవీలో చూసి అందరం ఏడ్చాం. "ముందే ప్రార్థన చేయించాడు చూడు దేవుడు!" అంది రెబెకా. రెబెకా నాకు వరసకు ఆడపడుచు, నాతోపాటే కూలికొచ్చేది. ఆ మాటకు నేనూ మురిసిపోయాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

జులైలో బంగ్లాదేశ్, ఢాకా. ఐదు రోజులకు అక్కడ బడి మీద విమానం కూలింది. ఆగస్టు చివర అఫ్గానిస్తాన్, కునార్. నాలుగు రోజులకు కొండల్లో ఇళ్ళు నిద్రపోతున్నవాళ్ళ మీద పడ్డాయి. సెప్టెంబరులో నేపాల్, ఖాట్మండు. మరుసటి వారమే వీధుల్లో కుర్రాళ్ళు తుపాకీ గుండ్లకు చచ్చిపోయారు, పార్లమెంటు తగలబడింది, ప్రభుత్వమే పడిపోయింది.

పల్లెలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ తర్వాతి కూటంలో "ఎవరికేం బాధలున్నాయో చెప్పండమ్మా" అంటే ఒక్కరూ నోరు విప్పలేదు. "అందరం బాగున్నాం వదినా" అంది రెబెకా, నా మొహం చూడకుండా. మొగుడు పక్షవాతంతో మంచాన ఉన్న మనిషి అది! ఆ వారం నుంచి మా పల్లెలో రోగాలే లేవు. నేను వీధిలో కనబడితే తల్లులు పిల్లల్ని పేర్లతో పిలవడం మానేశారు. "ఒసేయ్, ఇట్రా," "ఒరేయ్, లోపలికి పో," అంతే. ఎవరికీ పేర్లు లేని ఊళ్ళో తిరుగుతున్నట్టుండేది.

నవంబరులో ఇంకో చీటీ వచ్చింది. శ్రీలంక, క్యాండీ. ఒళ్ళు మండి పాస్టరు గారి ఇంటికే వెళ్ళాను.

"ఏమండీ, నేనేమన్నా చేతబడి చేస్తున్నానా?"

"అవేం మాటలమ్మా? మీరు పిలిస్తే భూకంపం వస్తుందా? ఆ దేశాల కోసం లోకంలో ఎంతమంది ప్రార్థన చేయడం లేదు!"

"మరి నా చీటీలో ఊరే ఎందుకండీ?"

ఆయన చీటీ వెనక్కి తీసుకున్నారు. "ఇక చీటీలు వద్దులేమ్మా," అన్నారు.

ఆ బుధవారం కూటం మానేసి పత్తి తీయడానికి వెళ్ళాను. ప్రార్థన లేదు, ఏమీ లేదు. చేతులు పనిలో ఉండగా అలవాటు కొద్దీ ఆ ఊరి పేరు ఒక్కసారి నోట్లోంచి జారింది. గబుక్కున నోరు మూసుకున్నాను. శుక్రవారానికల్లా తుఫాను వానకు అక్కడి కొండలు ఇళ్ళ మీదికి జారాయి. అంటే ప్రార్థన కూడా అక్కర్లేదు, పలికితే చాలు. ఆ రోజు నుంచి నేను ఎవరి పేరూ పలకలేదు. ఉన్న ఒక్క కూతురు లిడియాను కూడా "అమ్మాయ్" అనేదాన్ని.

లిడియాకు అంతకు ముందు రెండు కాన్పులు పోయాయి. డిసెంబరు మొదట్లో ఆడపిల్ల పుట్టింది, కెవ్వున ఏడ్చింది. నెల నిండాక బిడ్డను చర్చిలో దేవునికి ప్రతిష్ఠ చేస్తారు. అప్పుడు ఇంటి పెద్దావిడ అందరి ముందూ బిడ్డ పేరు గట్టిగా పలకడం మా పల్లె ఆచారం. మా ఇంటి పెద్దావిడను నేనే.

"నా గొంతు బాగోలేదే. పాస్టరు గారు పలుకుతార్లే," అన్నాను.

లిడియా పాపను ఒళ్ళో వేసుకుని నా వైపు సూటిగా చూసింది. "ఇద్దరు బిడ్డల్ని పేరు లేకుండానే పూడ్చుకున్నానమ్మా. పేరు పెట్టే రోజు నాకూ వస్తుందని ఎనిమిదేళ్ళు చూశాను. ఊళ్ళోవాళ్ళు అనుకునేది నేనూ విన్నాలే. నువ్వు నోరు మూసుకుంటే అదంతా నిజమని నువ్వే ఒప్పుకున్నట్టు. నా బిడ్డకు నువ్వే పెట్టాలి." తను అనుకున్న పేరు నా చెవిలో చెప్పింది. ఎంత చక్కటి పేరో! దాన్ని ఇక్కడ రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు.

ఆదివారం చర్చి నిండా జనం. కరుణాకర్ గారు పాపను చేతుల్లోకి తీసుకుని, "బిడ్డ పేరేమిటమ్మా?" అని నన్ను అడిగారు. వెనక కూర్చున్న తల్లులు తమ పిల్లల చెవులు మూశారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లిడియా నా కొంగు పట్టుకుని ఎదురుచూస్తోంది. పాప నిద్రలో పెదవులు చప్పరించింది.

"కొండమ్మ," అన్నాను, మైకు అక్కర్లేనంత గట్టిగా.

"అది మీ పేరు కదమ్మా," అన్నారు పాస్టరు గారు.

"బతికున్న మనిషి పేరు పెడతారా ఎక్కడన్నా?" అని వెనక నుంచి రెబెకా అరిచింది.

లిడియా కొంగు వదిలేసింది. "ఎందుకమ్మా ఇట్లా చేశావు?"

"ఉండనీవే. ఆ పేరుతో ముందు పుట్టినదాన్ని నేను. ఏదన్నా వస్తే ముందు నా దగ్గరికే రావాలి." అప్పటికి అర్థమైంది దానికి. అందరి ముందూ నన్ను వాటేసుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రమే తల్లీబిడ్డల్ని అల్లుడితో వాళ్ళ ఊరు చీమకుర్తికి బస్సెక్కించాను. ఇవాళ్టికి రెండు రోజులు. భయం లేదంటే అబద్ధం. గాలికి తలుపు కదిలినా ఉలిక్కిపడుతున్నాను. పొద్దున రెబెకా ఇంటికి వెళ్ళి, కొండమ్మ ఇల్లెక్కడని ఎవరడిగినా నా ఇల్లే చూపించమన్నాను. ఆ పేరుతో ఇంకెవరూ లేరని చెప్పమన్నాను.