రోజుకి కాస్త గాలి

ఆ సైకిలంటే నాకు ఒళ్ళుమంట. నిజం చెప్పాలంటే దానిమీద కాదు, దాని పక్కన వెళ్ళే రెండో సైకిలు మీద. దానిమీద టీచరమ్మ ఉంటుంది.

ఎనిమిది నెలలు నా భార్య నా భుజం పట్టుకునే నడిచింది. రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్, ఆరు కీమోలు, ఆపైన రేడియేషన్. నేను దర్జీని. గిరాకీలన్నీ పక్కన పెట్టి గంజి కాచాను, తలకి మెత్తటి టోపీలు కుట్టాను, ఎడమ చెయ్యి పైకి లేవడం లేదంటే తన బట్టలన్నీ కుట్లు విప్పి ముందు బొత్తాలు పెట్టి కుట్టాను. "మీరు లేకపోతే నేనేమైపోదునండీ" అని రోజుకి నాలుగుసార్లు అనేది. ఆ మాటకి నేనెంత అలవాటు పడిపోయానో అప్పుడు తెలియలేదు.

కాస్త కోలుకున్నాక డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడు. టీచరమ్మది మా వీధి చివరి ఇల్లు. మాకంటే ఏడాది ముందు అదే జబ్బుకి అదే వైద్యం చేయించుకున్న మనిషి. తన పాత సైకిలు తెచ్చి ఇచ్చింది. ఇంకేముంది! తెల్లారేసరికి ఇద్దరూ వంతెన దాకా షికారు. తిరిగొచ్చాక "అక్క ఏమందో తెలుసా" అంటూ మొదలు. గోళ్ళు నల్లబడినప్పుడు పడ్డ భయం, అద్దం చూడలేక ఏడ్చిన రోజులు, నాతో ఒక్కసారీ అనని సంగతులన్నీ ఆవిడతో చెప్పుకుందట. గంజి కాచింది నేను, గుట్టు తెలిసింది ఆవిడకి!

కుళ్ళిపోయాను. దాపరికమెందుకు, అసూయే అది.

సైకిలుకి గాలి కొట్టి పెట్టడం నా పని. దర్జీ చెయ్యి కదా, పావు అంగుళం లోపలికి పట్టి కుడితే చూసేవాళ్ళకి తెలియదు, తొడుక్కున్నవాళ్ళకే బిగుతు తెలుస్తుంది. రోజూ పొద్దున్నే, తను మొహం కడుక్కునేలోపు, వెనక చక్రంలోంచి కాస్త గాలి తీసేవాణ్ణి. తొక్కితే బరువు తెలిసేంత, అంతే. ఒక్కో రోజూ కిందటి రోజుకంటే ఇంకొంచెం. తిరిగిరాగానే నేనే నింపేసేవాణ్ణి.

పథకం పారింది. వంతెన దాకా వెళ్ళేవాళ్ళు బడి దగ్గరే వెనక్కి తిరిగారు. తర్వాత వీధి మలుపు దాకానే. కబుర్లు తగ్గిపోయాయి. పన్నెండో రోజు టీచరమ్మ ఒక్కతే వెళ్ళింది. ఆ పూట మిషన్ తొక్కుతూ ఈల కూడా వేశాను, సిగ్గులేనివాణ్ణి.

మధ్యాహ్నం చూస్తే తను బీరువా సర్దుతోంది. నా బట్టలన్నీ కింది అరలోకి మారుస్తోంది.

"ఇదేంటి?"

"ఇలా పెడితే మీకు వెతుక్కోకుండా దొరుకుతాయండీ." గొంతు మామూలుగానే ఉంది. "శుక్రవారం స్కానింగ్‌కి పేరు రాయించుకున్నాను. మీకు చెప్పొద్దనే అనుకున్నా. ఇప్పటికే నాకోసం చిక్కి సగమయ్యారు."

"స్కానింగ్ దేనికి?"

"కాళ్ళల్లో సత్తువ పోతోంది. మొదటిసారీ ఇలా నీరసంతోనే కదా మొదలైంది. తిరగబెట్టిందండీ, నాకు తెలుస్తోంది. అక్కకి కూడా చెప్పలేదు, భయపడిపోతుంది."

ఆవిడకంటే ముందు నాకు చెప్పిన మొదటి సంగతి అది. నేను కోరుకున్నదే.

"నీ కాళ్ళల్లో ఏం లేదు," అన్నాను. "చక్రంలో గాలి లేదు. రోజూ నేనే తీశాను."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మంచం మీద కూలబడి "అయితే నాకేం లేదా? నిజంగా ఏం లేదా?" అని అడిగింది. లేదు, లేదు అంటూ ఏడ్చేశాను. తను ఏడవలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండు రోజులు."

"పదకొండు రోజులూ చచ్చిపోతున్నాననే అనుకున్నానండీ," అంది.

తను లేచి చెప్పులు వేసుకుంది.

"శుక్రవారం ఆ స్కానింగ్ చేయించుకుంటాను. మీ మాట మీద ధైర్యం చిక్కడం లేదు. మీరు రావద్దు, అక్క వస్తుంది."