కోత అని ఒక అర్థం, కందకం అని ఒకటి

అమెరికాలో ఐసెలిన్‌కి దగ్గరలోని ఒక చిన్న ఊరి లైబ్రరీలో వసుమతి ఫోన్లు తీసే పని చేసేది. ఊళ్ళో ఎవరికి ఏ సందేహం వచ్చినా లైబ్రరీకి ఫోన్ చేసి అడిగే రోజులవి.

1982 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఒక ముసలాయన ఫోన్ చేశాడు.

"ఫ్యాక్టరీ వాళ్ళు కాగితం ఇచ్చారమ్మా. రిట్రెంచ్‌మెంట్ అని రాశారు. అంటే ఏంటి?"

వసుమతి పెద్ద డిక్షనరీ తెరిచింది. "ఫ్రెంచి మాట నుంచి వచ్చిందండీ. కోసెయ్యడం అని అర్థం. ఖర్చులు తగ్గించుకోవడానికి మనుషుల్ని తీసెయ్యడం."

అంతటితో ఫోన్ పెట్టెయ్యడానికి ఆమెకు మనసు రాలేదు. కింది వరుస కూడా చదివింది.

"ఇంకో అర్థం కూడా ఉందండీ. కోట బయటి గోడ పడిపోతే, లోపలివాళ్ళు ఇంకా నిలబడి పోరాడడానికి వెనకాల తవ్వుకునే కందకం."

"అదీ ఇదే మాటా?"

"ఇదే మాటండీ."

"ఆ రెండోది మళ్ళీ చదువు" అన్నాడాయన. ఆమె నెమ్మదిగా చదివింది. ఆయన రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

నెల తిరిగేసరికి అదే మాట లైబ్రరీ నోటీసులోనూ వచ్చింది. ఆఖరున చేరింది వసుమతే కాబట్టి పోయేదీ ఆమె ఉద్యోగమే.

"ఎందుకంత వర్రీ అవుతావ్? నా జాబ్ ఉందిగా, మేనేజ్ చేద్దాం" అన్నాడు భర్త శ్రీధర్.

"జాబ్ కోసం కాదండీ. ఆ ఫోన్ డెస్క్ దగ్గర కూర్చుంటే ఈ ఊరికి నేనూ కావాలనిపిస్తుంది."

లైబ్రరీ ఖర్చుల మీద టౌన్ హాల్లో మీటింగ్ పెట్టారు. వసుమతి చీర మీద కోటు వేసుకుని వెనక వరుసలో కూర్చుంది. ఒక పెద్దాయన టోపీ చేత్తో పట్టుకుని మైకు ముందుకు వచ్చాడు.

"నా పేరు నోవక్. నన్ను తీసేసిన కాగితంలో ఏముందో ఫ్యాక్టరీలో ఎవరూ విడమరిచి చెప్పలేదు. మన లైబ్రరీలో ఒకావిడ ఆ మాటకున్న రెండు అర్థాలూ ఓపిగ్గా చదివి చెప్పింది. ఆ రోజు నేను మంచం ఎక్కకుండా ఆపింది ఆ ఫోనే. ఇప్పుడు మా బావమరిది గరాజ్‌లో ఇంజన్లు బాగుచేస్తున్నాను. ఆ డెస్క్ తీసేస్తే నాలాంటివాడు ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

ఆయన వెనక మరో ఐదుగురు లేచారు. చివరికి డెస్క్‌ని వారానికి మూడు రోజులు ఉంచుతామని ఒప్పుకున్నారు.

బయట మెట్ల మీద వసుమతి ఆయన్ని ఆపింది. "ఆ రోజు ఫోన్ తీసింది నేనేనండీ."

గొంతు వినగానే ఆయన గుర్తుపట్టాడు. ఆమె థాంక్స్ చెప్పబోయింది. ఆమె రెండు చేతులూ పట్టుకుని ఆయనే ముందు చెప్పేశాడు.

శ్రీధర్ తీసుకొచ్చిన కార్ ఎక్కాక వసుమతికి కన్నీళ్ళు ఆగలేదు. "ఏమైంది?" అని శ్రీధర్ కంగారుపడితే, కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"ఏం లేదండీ. ఈ ఊళ్ళో నాకూ తెలిసినవాళ్ళు ఉన్నారు."