దేవి బుగ్గ మీద మచ్చ

ఆ ఉదయం నేరేడ్‌మెట్ మీద మబ్బు కమ్మింది గాని చినుకు రాలలేదు. ఆకు కదలని ఉక్క. లిఫ్టులు బాగుచేసే వరహాలబాబు ఆవేళ పనికి పోలేదు.

కూతురు దేవి ఎడమబుగ్గ మీద రూపాయి బిళ్ళంత మచ్చ, పాలిపోయి. నులిపురుగులంది భార్య భానుప్రియ. మందు పట్టించింది. మచ్చ పోలేదు సరిగదా, పక్కన ఇంకొకటి లేచింది. పదిగంటలకు డాక్టరు రమ్మంది.

భానుప్రియ స్నానానికి వెళ్ళగానే వరహాలబాబు పిల్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు.

"ఎక్కడ తగిలితే అక్కడ ఏలెట్టాల, తల్లీ."

దూదిని పురి తిప్పి మోచేతికి తాకించాడు. వేలు పెట్టింది. మెడకు తాకించాడు. పెట్టింది. మచ్చకు తాకించాడు.

వేలు లేవలేదు.

మళ్ళీ తాకించాడు. పిల్ల ఉలకలేదు. దూదిని జేబులో కుక్కాడు.

చిన్నప్పుడు సాలూరు దగ్గర వాళ్ళ ఊళ్ళో, సర్వేకొచ్చినవాళ్ళు తండ్రి వీపు మీద ఇలాగే దూది తాకించారు. తగిలినట్టు ఆయనకు తెలియలేదు. కుష్టు అన్నారు. మాత్రలు మింగితే రోగం నయమైంది. ఊరి చూపు నయం కాలేదు. తండ్రి కంచం చివరిదాకా గుమ్మం దగ్గరే. ఆ సంగతి దాచిపెట్టి భానుప్రియను చేసుకున్నాడు. పదేళ్ళయింది.

డాక్టరు కల్పలత మచ్చను వెలుగులో పెట్టి చూసింది.

"ఏం లేదు. చర్మం పొడిబారింది, అంతే. మస్తుమంది పిల్లలకొస్తది, అంటుకోదు. క్రీము రాయండి, కొన్ని నెలల్ల అదే పోతది. పరేషాన్ గాకండి."

భానుప్రియ లేచింది. వరహాలబాబు లేవలేదు. లేచి వెళ్ళిపోతే ఏ గొడవా లేదు. పిల్ల బుగ్గ వైపు చూశాడు.

"మేడమ్, మచ్చ మీద తాకితే పిల్లకి తెలీట్లేదండి. పొద్దున్న దూదితో సూసినాను."

భానుప్రియ తల తిప్పి అతన్ని చూసింది.

డాక్టరు దూది తీసింది. "కండ్లు మూస్కో బేటా." దూది తగిలిందో లేదో దేవి వేలు బుగ్గ మీదుంది.

"మరి పొద్దున్న ఊరుకున్నావేటే?"

"వేలు పెడితే నువ్వు వేరే దగ్గరికి పోతున్నవ్ గద నాన్నా. బుగ్గ మీద దూది మెత్తగ మంచిగుండె."

డాక్టరు నవ్వింది. భానుప్రియ నవ్వలేదు.

ఆటోలో అడిగింది: "దూదితో సూడ్డం నీకెవులు నేర్పినారు?"

"మా అయ్యకి సూసినారు."

"ఏటని?"

చెప్పాడు.

"పదేళ్ళు," అందామె. "సెప్తే నాను పారిపోదునేటి?"

"ఏమో. అదే బయం."

ఇంటికొచ్చి అన్నం వండింది. ఎండుచేప వేయించింది. మూడు కంచాలు పెట్టింది. వరహాలబాబు తన కంచం తీసుకుని గుమ్మం వైపు జరగబోతే, ఆమె అంచు పట్టుకుని తన పక్కకు లాగింది. ముగ్గురూ తిన్నారు.