గోడలో వదులు

రోజూ కుట్టుమిషను దగ్గర కూర్చునే ముందు అక్క గోడ మీద అరచెయ్యి ఆనించి చూసేది. ఆ వీధిలో ఇళ్ళ గోడలు ఇటుకవి కావు, పల్చటి పొరవి. మనుషుల ఒంటి వేడికే సన్నగా వణుకుతుంటాయి. వణుకు ఉందంటే గోడలో ఇంకా వదులు ఉందన్నమాట. ఆ వదులే ఇంటి ఆస్తి.

ఎందుకంటే, పొర ఎటు వంగమంటే అటు వంగుతుంది. సాగమంటే మాత్రం చచ్చినా సాగదు. పోయే కాలం దగ్గరపడ్డవాళ్ళ గది గోడ బయటికి ఉబ్బి, బుడగై, మెడ సన్నబడి తెగిపోతుంది. మనిషిని కడుపులో పెట్టుకుని వీధి చివరికి తేలిపోతుంది. తెగినచోటు తనంతట తానే అతుక్కుంటుంది. కానీ బుడగకు కావలసిన పొరంతా ఆ ఇంటిదే కదా! నాన్న వెళ్ళినప్పుడు వంటగది పోయింది. ఇప్పుడు అమ్మ గది గోడ ఉబ్బుతోంది. అమ్మ కూడా వెళ్తే మిగిలేది ఒక్క మనిషి పట్టే ఇల్లు. ఉన్నదేమో ఇద్దరు అక్కచెల్లెళ్ళు.

అక్క దర్జీ. ముడత కనిపిస్తే లాగి కుట్టడం ఆమెకు అలవాటు. అమ్మ గది గోడకు బయటివైపు పట్టీలు కుట్టి, వాటికి తాళ్ళు కట్టి, నేలలో దిగ్గొట్టిన మేకులకు బిగించింది. ఇక ఉబ్బడానికి వదులు లేదు. వణుకూ ఆగిపోయింది.

ఎదురింటి ఇస్త్రీ బాబాయి బొగ్గులు విసురుకుంటూ అడిగాడు. "ఏమ్మా, ఇంటికి కూడా చొక్కా కుడుతున్నావా?"

"వదులైంది బాబాయ్, సరిచేస్తున్నా."

"పోయేవాళ్ళ గోడ లాగకూడదమ్మా. ఈ వీధిలో ఎవరూ చెయ్యని పని."

లోపల అమ్మ పోలేక, ఉండలేక కొట్టుకుంటోంది. తీసిన ఊపిరి దిగడం లేదు. చెల్లెలు చెంచాతో పోసిన నీళ్ళు పెదవి పక్కనుంచి కారిపోతున్నాయి.

"విప్పెయ్యక్కా. చూడలేకపోతున్నా."

"విప్పితే ఎక్కడుంటాం? నిలబడి పడుకుందామా?"

"నువ్వు గురక పెట్టనంటే నాకు సరే." చెల్లెలు నవ్వబోయింది, నవ్వు రాలేదు.

"నిన్ను వీధిలో పెట్టనే. నా వల్ల కాదు."

అమ్మ కళ్ళు తెరిచింది. "తాళ్ళు..." అంది. అంతే.

మధ్యాహ్నం, పట్టీ కుట్టిన చోట ఒక సూదిపోటు పెద్దదవడం మొదలైంది. గుడ్డ తీరు వేరు, పొర తీరు వేరు. గుడ్డలో పోటు పోటుగానే ఉంటుంది. పొర అలా కాదు. వదులుగా ఉంటే, నీళ్ళ మీద గీసిన గీతలా చిల్లు దానంతటదే పూడుతుంది. బిగిసి ఉంటే నోరు తెరుస్తుంది. అక్క వేలితో మూయబోయేసరికి చెయ్యి దూరేంతైంది.

"ఇల్లంతా చిరిగిపోతుంది, విప్పు!" బాబాయి కేకేశాడు.

అక్క కత్తెర తీసుకుని బయటికి పరుగెత్తింది. తాళ్ళన్నీ తెంచింది. చిల్లు పూడింది. గోడ మళ్ళీ వణికి, వెంటనే ఉబ్బడం మొదలుపెట్టింది. ఆమె లోపలికి వచ్చేసరికి అమ్మ గదికీ ఇంటికీ మధ్య మెడ కిటికీ అంత అయ్యింది. అవతల అమ్మ ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. ఆమె తల చెల్లెలి ఒళ్ళో ఉంది.

"ఇవతలికి రా! మూసుకుపోతోంది!"

"ఇప్పుడే కునుకు పట్టిందక్కా. కదిలితే లేస్తుంది."

"వెర్రివేషాలు వెయ్యకు. చెయ్యి ఇవ్వు."

చెల్లెలు చెయ్యి చాపింది. అక్క పట్టుకుని శక్తికొద్దీ లాగింది. చెల్లెలు కదల్లేదు.

"అక్కడ నువ్వొక్కదానివే పడతావు. ఇక్కడ చూడు, ఇద్దరం హాయిగా పట్టాం," అంది. మెడ అక్క మణికట్టును తాకేసరికి, "వేళ్ళు పోతాయక్కా, కుట్టుకునేదానివి," అని మెల్లగా విడిపించుకుంది.

మెడ దారమంత అయ్యి, చప్పుడు లేకుండా తెగింది. అతుకైనా కనిపించలేదు.

బుడగ ఇస్త్రీ బల్ల మీదుగా వెళ్తుంటే బాబాయి లేచి నిలబడ్డాడు. లోపల ఇద్దరున్నారు.

ఆ ఇంట్లో ఇప్పుడు ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. అక్క గోడకు ఒదిగి, మోకాళ్ళు ముడుచుకుని, పక్కన ఇంకొకరికి చోటు వదిలి కూర్చుంది.