పిడుగు వేసిన గడియ

ఆ రోజు పొద్దున కళ్ళు తెరుస్తూనే ఒట్టు పెట్టుకున్నాను. రాత్రి పిల్లలు పడుకునేదాకా గొంతు పెంచకూడదు. ఏం పగిలినా, ఏం ఒలికినా, ఎవరు ఎవరి జుట్టు పీకినా సరే, అరవకూడదు.

నాకేదో ఉన్నట్టుండి జ్ఞానోదయమై పెట్టుకున్న ఒట్టు కాదిది. ముందురోజు ఎదురింటి పిన్నిగారు మెట్ల దగ్గర నన్ను ఆపి, చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "ఏమీ అనుకోకమ్మా, నీ గొంతు మా వంటింట్లోకి వినిపిస్తోంది. పసిపిల్లలు కదా, మంచిమాటకి వింటారు. ముద్దుగా చెప్పి చూడు." ఆవిడ పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి ఇళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. పెట్టిన వస్తువు పెట్టినచోట ఉండే ఇంట్లో కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు. అయినా ఆ మాట గుచ్చుకుంది. రాత్రి మా ఆయనతో చెప్పుకుంటే, ఫోనులోంచి తల ఎత్తకుండా "ఆవిడ అన్నదాంట్లో తప్పేముందే?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. చూపిస్తాను వీళ్ళందరికీ అనుకున్నాను.

మాకు ఇద్దరు. పెద్దది నాలుగేళ్ళ ఆడపిల్ల. దానికి మేం పెట్టిన పేరు వేరే ఉంది గానీ, నడక వచ్చిన రోజు నుంచీ ఇంటిల్లిపాదీ పిడుగనే పిలుస్తాం. రెండోవాడు బుడ్డోడు. ఏడాది ఇంకా నిండలేదు. పాకుతాడు, దొరికినదాన్నల్లా పట్టుకుని లేచి నిలబడతాడు, నిలబడ్డాక ఎలా కూర్చోవాలో తెలియక ఏడుస్తాడు. నీళ్ళంటే వాడికి ప్రాణం. ఎక్కడ కుళాయి తిప్పిన చప్పుడైనా మోకాళ్ళు అరిగిపోయేలా పాక్కుంటూ వచ్చేస్తాడు.

పొద్దున్నే పిడుగు గ్లాసెడు పాలు సోఫా మీద ఒంపింది. పళ్ళు బిగించి, "పరవాలేదు బంగారం, తుడిచేద్దాం" అన్నాను. ఒంపిన చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. తర్వాత రంగు పెన్సిలు పట్టుకుని హాలు గోడ మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఎర్రగీత గీసింది. నా కళ్ళ ముందు గోడంతా తిరిగింది. "ఎంత చక్కగా గీశావు కన్నా!" అన్నాను.

అది దగ్గరికి వచ్చి నా మొహంలోకి పరీక్షగా చూసింది.

"అమ్మా, నీకు జ్వరమా?"

"లేదురా కన్నా."

"మరెందుకిలా మాట్లాడుతున్నావు?"

నవ్వొచ్చింది. పిన్నిగారికి చెప్పాలి ఈ ముక్క అనుకున్నాను.

ఇక్కడ వెనకటి సంగతి ఒకటి చెప్పాలి. ఆమధ్య నేను స్నానాలగదిలో బుడ్డోడికి నీళ్ళు పోస్తుంటే, నీళ్ళ ఫిల్టర్లు అమ్ముకునేవాడెవడో తలుపు కొట్టి, "బంగారుతల్లీ, మంచిపిల్లవి కదూ, తలుపు తియ్యమ్మా" అన్నాడు. మా పిడుగు ఎంచక్కా కింది గొళ్ళెం తీసేసింది. తడిబిడ్డని చంకనేసుకుని బయటికి వచ్చేసరికి, హాలు మధ్యలో ఊరూపేరూ తెలియని మగమనిషి చేతిలో సంచీతో నిలబడి నవ్వుతున్నాడు. వాణ్ణి గెంటి తలుపు వేసేశాను.

ఆ సాయంత్రం పిడుగుని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "బయట బూచోడు తిరుగుతున్నాడే. వాడు అరవడు, కొట్టడు. ముద్దుముద్దుగా మాట్లాడతాడు. బంగారం అంటాడు, కన్నా అంటాడు. అమ్మ గొంతు పెడతాడు, నాన్న గొంతు పెడతాడు. నీ గురించి అన్నీ చెప్తాడు. నమ్మి తలుపు తీశావో, బుడ్డోణ్ణి సంచిలో వేసుకుని పోతాడు." చెప్పి ఊరుకున్నానా? రోజూ దానిచేత ఆటలా ఆడించాను. నేను తలుపు బయట నిలబడి వీలైనంత ముద్దుగా, "బంగారం, నేను అమ్మని, వచ్చేశాను, తలుపు తియ్యి" అనేదాన్ని. అది లోపలినుంచి "తియ్యను, పో!" అని అరిచేది. అప్పుడు నేను తలుపు తోసుకుని వచ్చి దాన్ని ఎత్తుకుని ముద్దులు పెట్టేదాన్ని. ఒక్కసారి కూడా ఓడిపోలేదది. మా పిల్లని ఇంక ఎవరూ మోసం చెయ్యలేరని మా ఆయన దగ్గర గొప్పలు పోయాను.

అయితే ఆ ఆటలో తలుపు ఊరికే దగ్గరికి వేసి ఉండేది. పైన ఇనుప గడియ దానికి అందేది కాదు. స్టూలు జరుపుకుంటే అందుతుందని అది ఈమధ్యే కనిపెట్టింది.

ఇక ఆ రోజు సంగతి. పదకొండు దాటింది. బుడ్డోడు పడకగదిలో పరుపు మీద నిద్రపోతున్నాడు. వాడు లేవగానే పొయ్యాలని పెద్ద బకెట్ నిండా గోరువెచ్చని నీళ్ళు పట్టి స్నానాలగదిలో పెట్టాను. ఇంతలో కింద చెత్తబండి గంట మోగింది. ఆ బండివాడితో పెద్ద తంటా, నిమిషం ఆలస్యమైతే ఆగడు. ముందురోజు కూడా అలాగే బండి తప్పిపోయి, బుడ్డోడి డైపర్లతో నిండిన సంచి ఇల్లంతా కంపు కొడుతోంది.

"పిడుగూ, తమ్ముడు పడుకున్నాడు. నువ్విక్కడే ఆడుకో నాన్నా. చిటికెలో వచ్చేస్తా" అని సంచి పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తాను. తలుపు దగ్గరికి లాగాను. స్నానాలగది తలుపు మాత్రం మూయలేదు. ఆ తలుపుకి ఎప్పుడూ గొళ్ళెం పడదు, దానంతటదే తెరుచుకుంటుంది. ఇంటిపనితో తీరిక లేక, బాగుచేయిద్దాం అనుకుంటూనే రోజులు గడిచాయి.

తిరిగొచ్చి తలుపు తోస్తే కదల్లేదు.

"పిడుగూ!"

"ఎవరు?"

"నేనే బంగారం, అమ్మని. గడియ తియ్యి."

లోపలినుంచి చాలా మర్యాదగా జవాబు వచ్చింది. "మా అమ్మ చెత్త పారెయ్యడానికి వెళ్ళింది. మీరు తర్వాత రండి."

మొదట నవ్వొచ్చింది, నిజం. "ఆట కాదురా కన్నా, నిజంగా అమ్మనే. స్టూలెక్కి గడియ తీసెయ్యి, మంచిపిల్లవి కదూ."

"తియ్యను, పో!"

"పొద్దున నువ్వు సోఫా మీద పాలు ఒంపలేదూ? గోడ మీద ఎర్రగీత గియ్యలేదూ? అమ్మకి కాకపోతే ఇంకెవరికి తెలుసే అవన్నీ?"

"బూచోడికి అన్నీ తెలుసు. మా అమ్మ చెప్పింది."

అప్పుడు లోపల బుడ్డోడు లేచాడు. లేచి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. వాడికి హుషారు వచ్చినప్పుడు చేసే "బబ్బబ్బా" చప్పుడు వినిపించింది. అప్పుడు బకెట్ గుర్తొచ్చింది.

తలుపు కింద సన్నటి సందు ఉంది. మెట్ల వసారాలో ఆ దుమ్ములోనే బోర్లా పడుకుని చెంప నేలకి ఆనించి చూశాను. స్టూలు కాళ్ళు, దాని పక్కన పిడుగు పాదాలు, వాటి వెనక హాలంతా నేలబారుగా కనిపిస్తోంది. ఆ చివర స్నానాలగది గడప. పడకగది వైపు నుంచి రెండు చిన్న అరచేతులు, రెండు మోకాళ్ళు హాల్లోకి వచ్చాయి.

ఎదురింటి తలుపు బాదాను. పిన్నిగారు కళ్ళజోడు సరిచేసుకుంటూ వచ్చింది. సంగతి చెప్పేసరికి ఆవిడా కంగారు పడింది. అయినా నాకే ధైర్యం చెప్పింది. "కంగారు పడకు. నువ్వు కంగారు పడితే పిల్ల బెదురుతుంది. ముద్దుగా అడుగు. నేనూ అడుగుతాను ఉండు. బంగారుతల్లీ, నేను అమ్మమ్మనమ్మా, చిట్టితల్లివి కదూ..."

"ఇంకో బూచోడు!" అని లోపల పిడుగు కెవ్వుమంది.

పిన్నిగారి ఫోనులో మా ఆయనకి చేశాం. "తాళంచెవి నీ దగ్గర లేదా?" అన్నాడు.

"లోపల గడియ వేసింది మహానుభావా! తాళంచెవి పెట్టి ఏం చేసుకోను! మీరు చెప్పండి దానికి, మీ మాట వింటుంది."

ఫోను తలుపుకి ఆనించి పట్టుకున్నాను. ఆయన కూడా గొంతులో ఎక్కడలేని తీపీ తెచ్చుకుని, "బంగారం, నాన్నని..." అన్నాడో లేదో, "నాన్న గొంతు కూడా పెట్టాడు!" అని పిడుగు ఏడుపు లంకించుకుంది. ఏ దారిన పోదామన్నా ఆ దారికి నేనే ముందుగా తాళం వేసి పెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

చప్పుడు విని వాచ్‌మన్ పైకి వచ్చి భుజంతో తలుపుని గుద్దాడు. దళసరి తలుపు, చెక్కుచెదరలేదు. లోపల పిడుగు హడలిపోయి స్టూలు దగ్గరనుంచి పారిపోయింది. "వద్దు బాబూ, గుద్దొద్దు!" అని నేనే ఆపాను. "కింద వడ్రంగి షాపు ఉందమ్మగారూ, పిలుచుకొస్తా" అని వాడు మెట్లు దూకుతూ వెళ్ళాడు.

నేను మళ్ళీ నేల మీద పడ్డాను. పిడుగు పాదాలు బల్ల కింద ముడుచుకుని ఉన్నాయి. బుడ్డోడు హాలు దాటేశాడు. గడప మీద చెయ్యి వేశాడు.

"పిడుగూ, తమ్ముడు నీళ్ళ దగ్గరికి వెళ్తున్నాడురా. వాణ్ణి ఇవతలికి లాగు నాన్నా. తలుపు తియ్యకపోయినా పరవాలేదు. తమ్ముణ్ణి పట్టుకో తల్లీ, నీకు దణ్ణం పెడతా." నా గొంతు నాకే వినిపించనంత మెత్తగా వస్తోంది. ఏడుపు ఆపుకుంటే అంతకన్నా గట్టిగా రాలేదు.

"నీ మాట వినను. నేను చెవులు మూసుకున్నా."

"నెమ్మదిగా, నెమ్మదిగా" అంటోంది నా వెనక పిన్నిగారు.

వాడు గడప దాటాడు. మోకాళ్ళు మాయమై రెండు అరికాళ్ళు నేల మీద నిలబడ్డాయి. బకెట్ అంచు పట్టుకుని లేచాడన్నమాట. నీళ్ళ మీద చెయ్యి కొట్టిన చప్పుడు, వాడి కిలకిల. మళ్ళీ చప్పుడు. తర్వాత ఆ రెండు మడమలు నేల మీదనుంచి లేచాయి. వేళ్ళ మీద నిలబడి వాడు లోపలికి వంగుతున్నాడు. కిలకిల ఆగిపోయింది.

నా లోపల ఏం తెగిందో తెలియదు.

"ఒసేయ్ పిడుగా! వెధవ వేషాలు వేస్తున్నావేంటే! లే అక్కణ్ణుంచి! వెళ్ళి తమ్ముణ్ణి లాగుతావా, నన్నొచ్చి వీపు విమానం మోత మోగించమంటావా! లాగవే! లాగు!"

మెట్ల కిందిదాకా మోగిపోయింది. పిన్నిగారు గోడకి అతుక్కుపోయింది.

"అమ్మా!" అంది పిడుగు. ఏడుపు కాదు, సంబరం. "అమ్మా, వచ్చేశావా!"

బల్ల కిందనుంచి పాదాలు పరుగెత్తాయి. గడప దాటాయి. దబ్బుమని చప్పుడైంది. బుడ్డోడి పిర్రలు నేల మీద పడటం ఆ సందులోంచి చూశాను. ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత దగ్గు, ఆ తర్వాత ఆకాశం అదిరేలా ఏడుపు. అంత మంచి ఏడుపు నా జన్మలో వినలేదు.

"ఇప్పుడు గడియ తియ్యవే మొద్దూ!"

"తీస్తున్నా ఉండమ్మా, అరవకు" అంది అది. స్టూలు జరిగింది. గడియ కిర్రుమంది.

ఎలా వెళ్ళానో తెలియదు. బుడ్డోణ్ణి గుండెకి అదుముకున్నాను. తల, మొహం తడిసి ముద్దయ్యాయి. ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. వీపు నిమురుతుంటే ఇంకో రెండుసార్లు దగ్గి, నా జాకెట్టు పట్టుకుని వెక్కుతూ ఉండిపోయాడు. కాలితో ఒక్క తన్ను తన్నాను ఆ బకెట్‌ని. నీళ్ళన్నీ హాల్లోకి పారాయి.

పిన్నిగారు గుమ్మంలోనే నిలబడిపోయింది. వాచ్‌మన్ వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చి, తెరిచి ఉన్న తలుపుని చూసి నిలబడిపోయాడు.

నేను ఆ తడినేల మీదే కూలబడ్డాను. పిడుగు వచ్చి వెనకనుంచి నా మెడ చుట్టూ చేతులు వేసింది. వేడి ఊపిరి చెవికి తగులుతోంది.

"అమ్మా, నువ్వు లేనప్పుడు బూచోడు నిజంగా వచ్చాడు. అచ్చం నీ గొంతే పెట్టాడు. నేను తియ్యలేదు."

"నేనే కావచ్చుగా? నేను కాదని ఎలా తెలిసిందే నీకు?"

అదేదో నాకు తెలియనట్టు అడుగుతున్నానన్నట్టు చూసింది. "నువ్వలా మాట్లాడవుగా అమ్మా. నువ్వొస్తే అరుస్తావుగా."

పిన్నిగారు తల తిప్పుకుంది. నాకు ఏడవాలనిపించింది, దాన్ని ఒళ్ళో వేసుకుని గుండెలో ఉన్నదంతా చెప్పాలనిపించింది. తమ్ముణ్ణి బతికించింది. నేను నేర్పింది నేర్పినట్టే చేసింది. దాని చెంప మీద చెయ్యి వేసి, నాకు చేతనైనంత మెత్తగా అన్నాను.

"చాలా మంచి పని చేశావు బంగారం."

నా మెడ చుట్టూ ఉన్న చేతులు ఊడిపోయాయి. అది ఒక అడుగు వెనక్కి వేసి, బుడ్డోడి చెయ్యి పట్టుకుని తనవైపు లాక్కోవడం మొదలుపెట్టింది.