తాడు దించిన ఫొటో

గుంటూరులో ఒక దినపత్రికకి ఫొటోలు తీసే జక్రయ్య, ఎనభై ఆరు శివరాత్రినాడు కోటప్పకొండ దారిలో పొద్దున్నే కాపు కాశాడు. బళ్ళ మీద ఎత్తుగా కట్టి కొండకి తెచ్చే ప్రభలు ఏటా ఉండేవే. ఆఫీసువాళ్ళకి కావలసింది గొడవ. గోగులమిట్ట, జిల్లేళ్ళగుంట ఊళ్ళు కొట్టుకుని రెండేళ్ళయింది. తలలు పగిలాయి, మిరప కళ్ళాలు తగలబడ్డాయి, పోలీసు పికెట్ ఇంకా ఎత్తలేదు. రెండూళ్ళవాళ్ళూ కొండకి పోవాల్సింది మాత్రం ఒకటే రోడ్డు. అందుకని పోలీసులు నడిమధ్యన తాడు కట్టి, ఒక ఊరిని ఎడమపక్కా, రెండోదాన్ని కుడిపక్కా నడిపిస్తున్నారు.

"ఏమయ్యోయ్, ఫొటోలబ్బాయ్!" గోగులమిట్ట హనుమాయమ్మ అతని చొక్కా పట్టుకు లాగింది. "అవతల ఎర్రచీర కట్టుకుందే, అది నా కూతురు వెంకటరావమ్మ. జిల్లేళ్ళగుంట కోడలు. దాని చంకలో పిల్లని పుట్టినకాడ్నించీ చూళ్ళేదయ్యా. ఒక్క ఫొటో తీసిపెట్టు, అదన్నా చూసుకుంటా."

జక్రయ్య కెమెరా కంటికి ఆనించాడు. పిల్ల తల్లి భుజమ్మీద నిద్రపోతోంది. వీపు తప్ప ఏమీ కనపడ్డంలేదు. వీపు ఫొటో పెట్టుకుని ముసలావిడ ఏం చేసుకుంటుంది? తిన్నగా ఎస్సై దగ్గరికెళ్ళాడు.

"సార్, రెండూళ్ళవాళ్ళూ కలిసి నిలబడి, మధ్యలో మీరుంటే పేపర్లో భలేగా ఉంటుంది."

ఎస్సై మీసం దువ్వుకున్నాడు. "రెండు నిమిషాలేనయ్యా," అని తాడు దించమన్నాడు.

మధ్యలో నిలబడ్డాడే గానీ ఆయన్ని చూసిందెవరు? హనుమాయమ్మ ఒక్క అంగలో వెళ్ళి పిల్లని లాక్కుంది. అది కళ్ళు తెరిచి, కొత్త మొహం చూసి ఏడుపు లంకించుకుంది.

"అచ్చం నీ గొంతేనే!" అని హనుమాయమ్మ పకపకా నవ్వింది. వెంకటరావమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"అయిందా?" అడిగాడు ఎస్సై.

"ఫోకస్ కుదర్లేదు సార్," అన్నాడు జక్రయ్య, ఎప్పుడో తీసేసి కూడా.

ఈలోగా బావలూ వదినలూ వియ్యంకులూ రెండు పక్కలనించీ, "మమ్మల్నీ తియ్యండి" అంటూ వచ్చి చేరారు. ఒకాయన ఇంకొకాయన్ని చూసి మొహం తిప్పుకున్నాడు గానీ వరసలోంచి కదల్లేదు. రీలైపోయింది. గంట గడిచినా రాయి లేవలేదు. తాడు చుట్టి జీపులో పడెయ్యమన్నాడు ఎస్సై.

కొండ కిందిదాకా మనవరాల్ని హనుమాయమ్మే ఎత్తుకుంది. ఆవిడ కొబ్బరికాయల బుట్ట జక్రయ్య నెత్తికెక్కింది.

"మా చర్చికి కూడా ఇంత బరువు మొయ్యలేదమ్మా!" అన్నాడు రొప్పుతూ.

"మొయ్యి నాయనా, మొయ్యి. పుణ్యం రెండుచోట్లా పడుద్ది," అంది హనుమాయమ్మ, వెనక్కి తిరక్కుండానే.