కొంగలతిప్పకు మంచినీళ్ళు

కడిగి బోర్లించిన ఇత్తడి బిందెలా ఎండ.

తుఫాను వెళ్ళిపోయింది. ఏమీ తెలియనట్టు ఎండ కాస్తోంది. సరస్సు మీద, విరిగిన పడవల మీద, కూలిన తాటిచెట్ల మీద, బురదలో కూరుకుపోయిన వలల మీద — అంతటా ఒకే ఎండ. పులికాట్ ఒడ్డున చేపల షెడ్డు ముందు నిలబడి రూపశ్రీ కళ్ళు చికిలించింది.

మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగానే ఉంది. కాలి మెట్టెలు బురదకు జారిపోతున్నాయి. అడుగడుక్కీ వంగి సర్దుకుంటోంది. సర్దుకున్నప్పుడల్లా ఆమెకు నవ్వొస్తోంది.

మెట్టెలు కొత్త. మొగుడు కొత్త. మొన్నటిదాకా లోకం కూడా కొత్తగానే ఉండేది.

నీళ్ళకు అవతల సన్నటి గీత — కొంగలతిప్ప. చేపలు పట్టుకునేవాళ్ళ చిన్న దీవి. ఇళ్ళు పోయాయి. పడవలు పోయాయి. మనుషులు మిగిలారు, బడి అరుగు మీద, ఇసుక దిబ్బ మీద.

సర్కారు పెద్ద పడవలు పెద్ద ఊళ్ళకు వెళ్ళాయి. చిన్న తిప్ప వంతు రేపు అన్నారు.

రేపు...

అందుకే రూపశ్రీ అత్తగారి ఊరు పాకాల కదిలింది. మామ ఆదిమూలం వీధి వీధీ తిరిగాడు. భర్త మునిచంద్ర తిరుపతిలో తాను పాఠాలు చెప్పే కాలేజీ పిల్లల్ని పోగేశాడు. ఎవరు ఏం తేవాలి, ఏ లారీ, ఏ దారి, తిప్పలో ఎవరితో మాట్లాడాలి — అదంతా రూపశ్రీ పని.

బియ్యం వచ్చింది. కందిపప్పు వచ్చింది. దుప్పట్లు, చింతపండు, ఊరగాయ జాడీలు... లారీలో చోటు చాల్లేదు. ఒక మూల నీళ్ళ క్యాన్లు.

ఆదిమూలం వాటిని చూసి పకపకా నవ్వాడు.

"ఏందమ్మా ఇది! మునిగిపోయినోళ్ళకు నీళ్ళు తీసుకపోతావా? ఆ వానలో సగం మన మీద పడింటే సాలు, మన చెరువు నిండిపొయ్యుండు!"

అందరూ నవ్వారు. రూపశ్రీ కూడా నవ్వింది. క్యాన్లు దింపించి, ఆ చోట ఇంకొన్ని బియ్యం మూటలు ఎక్కించింది.

నీళ్ళ విలువ తెలియని ఊరు కాదది. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే ఊరు. మబ్బు కనిపిస్తే చేతిలో పని ఆపి తలెత్తే ఊరు. ఆ ఊళ్ళో వాన అంటే నీళ్ళు. నీళ్ళంటే తాగేవే.

వాన కురిసినచోట దాహం ఉంటుందని — ఆ ఊరికి ఎవరు చెప్పారు?

ఒడ్డున బాగున్న పడవ ఒక్కటే మిగిలింది. అక్కడి జాలరి ధనంజయది. దానికి మోటారు తగిలించి, గడ చేతపట్టి, బియ్యం మూటలతో అతను తిప్పకు బయల్దేరాడు. పడవ చుక్కయ్యేదాకా రూపశ్రీ చెయ్యి ఊపుతూనే ఉంది. మునిచంద్ర జేబులోంచి వేరుశనగ ఉండ తీసి, సగం కొరికి, సగం ఆమెకిచ్చాడు.

"తిను మేడం. పొద్దున్నించి ఫోనుకు రెండుసార్లు ఛార్జింగు పెడితివి. నువ్వు మాత్రం పస్తు."

ఎంగిలి తీపి. బెల్లం తీపి. ఎంత చిన్న ముక్క... ఎంత బాగుంది!

అప్పుడే ఫోన్ మోగింది.

అక్కమ్మ. తిప్పలో ఛార్జింగు మిగిలిన ఒకే ఒక్క ఫోన్ ఆమెది. కోడలు పచ్చి బాలింత అని పొద్దునే చెప్పింది.

"బియ్యం చేరినాయి తల్లీ. నీ కడుపు సల్లగుండ. నీళ్ళేవి?"

"నీళ్ళా?"

"సెలమలన్నీ ఉప్పెన్లో కలిసిపోయినాయమ్మా. ఇసక తవ్వితే ఉప్పు. ఇంకా తవ్వితే ఇంకా ఉప్పు. ఇన్ని బియ్యం పంపితిరే, దేంతో వండేది? నా కోడలికి పాలు ఎండిపోయినాయి. బిడ్డ ఏడస్తా ఉండె... ఇప్పుడు ఏడ్చేది కూడా లేదు."

చెలమ. ఇసుకలో చేతులతో తవ్వుకునే తీపినీళ్ళ గుంట. తిప్ప మొత్తానికీ అదే ప్రాణం. సముద్రం లోపలికొచ్చి, అన్నిటినీ ఉప్పు చేసి వెళ్ళిపోయింది.

రూపశ్రీ నోట్లో తీపి ఇంకా ఉంది.

మింగలేకపోయింది. ఉమ్మలేకపోయింది.

"వస్తాయమ్మా. సాయంత్రానికి నీళ్ళు పంపిస్తాను," అంది.

మాట ఇచ్చింది.

తడ ఊరి అంగళ్ళలో దొరికినన్ని క్యాన్లు ఆటోల్లో వచ్చాయి. ధనంజయ కూడా తిరిగొచ్చాడు. దారిలో పడవ అడుగు తాటిమొద్దుకు గీసుకుందట. పగులులో తారు గుడ్డలు కూరి, అరచేత్తో తట్టి చూశాడు.

"పోతాదా అన్నా?" అన్నాడు మునిచంద్ర.

"పోయేదానికి పోతాది. వచ్చేదే సెప్పలేను."

"అట్లయితే నేనూ వస్తా. లోపలికొచ్చే నీళ్ళు తోడేదానికి ఒకరుండాల గదా."

రూపశ్రీ వద్దనలేదు. లారీలోంచి ఆ క్యాన్లు దింపించిన నోటితో — ఏమని వద్దంటుంది?

"సూడు, నీ మెట్టె మళ్ళా జారిపోయింది," అంటూ పడవెక్కాడు.

గాలి. నీళ్ళు. ఎండ.

నీళ్ళు. ఎండ. గాలి.

ఒడ్డున అందరూ వాన ఆగినందుకు దణ్ణాలు పెట్టుకుంటున్నారు. పాకాల కోడలు ఒక్కతే తలెత్తి మబ్బు వెతికింది. ఒక్క జల్లు... ఆ తిప్ప మీద ఒక్క జల్లు...

లేదు. ఆకాశం తుడిచినట్టుంది.

పొద్దు వాలుతుండగా పడవ కనిపించింది. మోటారు చప్పుడు లేదు. ధనంజయ గడ వేస్తున్నాడు. మునిచంద్ర వంగి లేస్తున్నాడు, వంగి లేస్తున్నాడు — నీళ్ళు తోడిపోస్తున్నాడు.

పడవలో క్యాన్లు లేవు.

చేర్చారనుకుంది. ఒక్క క్షణం... ఎంత వెలుగున్న క్షణం... చేర్చేశారనే అనుకుంది.

"సగం దారిలోనే పగులు విచ్చుకునింది రూపా." అతని పెదాలు నల్లబడి ఉన్నాయి. "బరువు తియ్యకపోతే ఇద్దరమూ పొయ్యుంటిమి. ఒక్కొక్కటీ... నా చేత్తోనే నీళ్ళలో పడేసినా."

అతను ఉన్నాడు. తడిసిన చొక్కాతో ఎదురుగా ఉన్నాడు. ఆమె లోపల ఏదో మల్లెమొగ్గలా విచ్చుకుంది. ఆ సంతోషాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. తిప్ప వైపు చూడలేకపోయింది.

ఫోన్ మోగింది.

"సాయంత్రమయింది తల్లీ," అంది అక్కమ్మ.

కోపం లేదు ఆ గొంతులో. కోపానికి కూడా తడి కావాలి.

"రేపు," అంది రూపశ్రీ.

అన్నాక తెలిసింది, తాను ఏ మాట అందో.

ఆ తర్వాత ఆ నంబరు మోగలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది. స్విచ్ఛాఫ్... స్విచ్ఛాఫ్...

తెల్లారింది. మళ్ళీ అదే ఎండ. పెద్ద పడవ మధ్యాహ్నానికి వస్తుందన్నారు. మధ్యాహ్నానికి రావచ్చు అన్నారు. చూద్దాం అన్నారు.

ఒడ్డు రాళ్ళకు ఏదో తగిలింది.

టప్...

క్యాను. మూత తీయనిది. నిండా నీళ్ళు. మంచినీళ్ళు ఉప్పునీళ్ళలో మునగలేదు. తేలాయి. గాలి ఎటు తోస్తే అటు వచ్చాయి.

నిన్నటినుంచీ గాలి ఇటే.

"సముద్రపు గాలి," అన్నాడు ధనంజయ.

ఇంకొకటి. దూరంగా మరొకటి — నీలంగా మెరుస్తూ, తలలూపుతూ, పెళ్ళికొచ్చే చుట్టాల్లా నింపాదిగా వస్తున్నాయి.

మునిచంద్ర నీళ్ళలోకి దిగి ఒక్కొక్కటే ఎత్తుకొస్తున్నాడు. ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టు, గుండెకు ఆనించుకుని ఎత్తుకొస్తున్నాడు.

రూపశ్రీ సాయం చేయలేదు. మోకాళ్ళ లోతులో నిలబడి, కళ్ళు చికిలించి, చూస్తోంది.

రాకండి, అంటోంది లోపల. ఇటు రాకండి. మీరైనా... మిగిలినవాళ్ళైనా... అటు పోండి.

ఎండ. కడిగినట్టున్న ఎండ.

ఎండలో, చాలా దూరాన, ఏదో మెరిసింది.

క్యానో... కొంగో... ఉత్త అలో...

ఇటు వస్తోందా — అటు పోతోందా —